చిన్నదీ పెద్దదీ

ఎడమవైపుకే తిరిగి పడుకోవాలన్నారు కాబట్టి కారు కిటికీ నాకు సగమే కనిపిస్తోంది. ఆ సగంలోనే కరెంటు తీగలు లేచి పడుతున్నాయి, తాటితలలు వెనక్కి పోతున్నాయి, ఎండకి తెల్లబోయిన ఆకాశం మాత్రం కదలడం లేదు. తల అత్త ఒడిలో ఉంది, మోకాళ్లు ముందు సీటుకి ఆనుతున్నాయి, మధ్యలో నా కడుపు, ఎవరో కాస్త చూస్తుండమని ఇచ్చి తిరిగి రాని మూటలా సీటు అంచు మీద కూర్చుంది. నన్ను కట్టుకున్న బావే నడుపుతున్నాడు. ట్రాక్టరు తోలే మనిషికి పక్కింటి నరేష్ కారు ఇస్తే ఎలా నడుపుతాడో అలాగే నడుపుతున్నాడు, గొయ్యి కనపడితే చాలు దాన్ని దున్నడానికి వచ్చినట్టు ఆగిపోతాడు, నెమ్మదిస్తే ఆలస్యమవుతుందని భయం, తొందరపడితే కుదుపు, కుదిపితే ఇంకా భయం. విజయనగరంలో డాక్టరు రాజకుమారి గారు మాకోసం చూస్తున్నారట. ఆవిడ స్కాన్ పెట్టి నా కడుపులో రెండు గుండెలూ కొట్టుకుంటున్నాయో లేదో చెప్పాలి. పొద్దున్న గజపతినగరంలో చూసినప్పుడు రెండూ కొట్టుకున్నాయి. ఇప్పటి సంగతి నాకు తెలియదు, నా కడుపే అయినా నాకు తెలియదు.

గజపతినగరం డాక్టరు గారు స్కాన్ చేస్తున్నంతసేపూ కబుర్లు చెప్పే మనిషి, మామిడికాపు ఎలా ఉంది, మీ మావ జగన్నాధం మోకాలు ఎలా ఉంది, ఈసారి నువ్వులు వేశారా అని. ఈరోజు నువ్వుల దగ్గర ఆగిపోయాడు. వాగుడు మనిషి నోరు మూసుకుంటే ఎంత భయమో అప్పుడే తెలిసింది నాకు. ఆ చల్లటి పరికరాన్ని కుడి పక్కటెముకల కింద పెట్టి నొక్కాడు, తీశాడు, మళ్లీ అక్కడే పెట్టాడు, తర్వాత బయటికి వెళ్లి ఎవరికో ఫోను చేశాడు. తిరిగొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుని, ఇద్దరికీ మాయ ఒకటే అని నీకు మొదట్లోనే చెప్పాను కదమ్మా అన్నాడు. చెప్పాడు. ఒకే మాయ మీద ఇద్దరూ బతుకుతున్నారు కాబట్టి తరచుగా వచ్చి చూపించుకోవాలనీ చెప్పాడు. ఒకే కాలవ కింద రెండు మళ్లు ఉన్నాయనుకో, గట్టు లోపల్నుంచి బొరియ పడింది, ఒక మడిలో నీళ్లు రెండో మడిలోకి పోతున్నాయి అన్నాడు. చిన్నదాని రక్తం పెద్దదానికి పోతోంది. చిన్నదాని సంచిలో ఉమ్మనీరు ఇంకిపోయింది, అది గోడకి అతుక్కుపోయి కదలలేకపోతోంది, పెద్దదాని సంచిలో నీరు పొంగిపోతోంది. నేను రైతు కూతుర్ని, రైతు కోడల్ని, ఎండిన మడి ఎలా ఉంటుందో నాకు చెప్పక్కర్లేదు. మా నాన్న చంపావతి ఏటి నీళ్ల కోసం రాత్రంతా పార పట్టుకుని గట్టు మీద కాపలా కూర్చునేవాడు, ఎవడైనా గండి కొడితే వాడి ఇంటిపేరు దగ్గర్నుంచి తిట్టేవాడు. ఇక్కడ ఎవర్ని తిట్టాలి? గండి కొట్టినదీ నా బిడ్డే, ఎండిపోతున్నదీ నా బిడ్డే.

ఆడో మగో చెప్పరు, చెప్పకూడదు కూడా, ఇద్దరూ ఒకటే అని మాత్రం అన్నారు. అందుకే మా ఇంట్లో అందరికీ చిన్నది, పెద్దది అయిపోయాయి. పెద్దది ఇటు, బొడ్డు కిందనించి ఎడమవైపంతా దానిదే, ఈతకి దిగిన దూడలాగా దొర్లుతూ ఉంటుంది. చిన్నది కుడివైపు పైన, పక్కటెముకల కింద. మొదట్లో అది కూడా తన్నేది. నేను మిషను మీద జాకెట్టు కుడుతుంటే సరిగ్గా పెడలు తొక్కినప్పుడల్లా తన్నేది, నా కాలికీ దాని కాలికీ పోటీ పెట్టినట్టు, అప్పుడు నాకు నవ్వొచ్చి దారం తెగేది. ఎప్పుడు మానేసింది? నిన్నా? మొన్నా? పండగలోనా? అదే గుర్తు రావడం లేదు. ఇంత పెద్ద సంగతి గుర్తు లేకపోతే నేనేం తల్లిని, ఎవరి జాకెట్టు చంకలో ఎంత బిగుతో ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటాను, నా కడుపులో ఒకళ్లు తన్నడం మానేస్తే మాత్రం పట్టించుకోలేదు. ఒకటి గట్టిగా తన్నుతుంటే రెండోది ఊరుకున్నా తెలియదు కదా అని డాక్టరు గారే అన్నాడు, ఆయన మంచివాడు, అంటాడు.

“ఏటే ఝాన్సీ, తిరుగుతన్నాయేటి?” అత్త నా నుదుటి మీద చెమట తుడుస్తూ అడిగింది. ఇంటిదగ్గర కారెక్కినప్పట్నుంచి ఇదే ప్రశ్న. పెద్దది తిరుగుతోంది అన్నాను. చిన్నదాని గురించి నేను చెప్పలేదు, ఆవిడ అడగలేదు. అత్త నాకు వరసకి అత్తే కాదు, మా నాన్న తోబుట్టువు, నారాయణమ్మ, చిన్నప్పుడు నాకు పేలు చూసిన మనిషి. ఆ వేళ్లే ఇప్పుడు నా జుట్టులో ఉన్నాయి. భయం తెలియకూడదని గట్టిగా రాస్తోంది, దాంతో ఇంకా బాగా తెలుస్తోంది.

అసలు ఈ స్కాన్‌కి పండగకి ముందే వెళ్లాల్సింది. అన్నీ సిద్ధం చేసుకున్నాం, చీర కూడా తీసి పెట్టుకున్నాను. వెళ్లేముందురోజు సాయంత్రం డప్పు వినిపించింది, అమ్మవారి పండగకి చాటింపు. చాటింపు పడిందంటే మా ఊరు కట్టేసినట్టే, అనుపు అయ్యి అమ్మవారిని సాగనంపేదాకా ఊళ్లోవాళ్లు పొలిమేర దాటకూడదు, పొయ్యి మీద పోపు పెట్టకూడదు, ఒట్టిమనిషైనా సరే, కడుపుతో ఉన్నదైతే మరీను. ప్రాణం మీదికొస్తే వెళ్లొచ్చని పెద్దలు అంటారు గానీ, ప్రాణం మీదికొచ్చిందని ఎవరు చెప్పాలి? నాకు నొప్పి లేదు, రక్తం కనపడలేదు, జ్వరం లేదు. పైగా కడుపు రోజురోజుకీ పెరుగుతోంది, పెరిగే కడుపుని చూసి ఎవరైనా భయపడతారా? మావ అరుగు మీద కూర్చుని, “డాక్టరు ఎక్కడికీ పోడు. పండగెల్లిపోయాక సూపించుకోవొచ్చు” అన్నాడు. బావ నా మొహంలోకి చూశాడు. నేను సరే అన్నాను. తొలేళ్ల రాత్రి, అంటే పండగ ముందురాత్రి, ఇంటిముందు ముగ్గు మీద కూర్చోవాలని ఉంది నాకు, పెళ్లయ్యాక మొదటిసారి అమ్మవారి పండగ, అంతే, ఇంకే కారణం లేదు.

తెల్లారి పసుపునీళ్ల ముర్రాట కుండలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లంతా గుడికి నడుస్తుంటే నేనూ నడిచాను, నా ముర్రాట మాత్రం అత్త మోసింది. ఊరంతా నా కడుపే చూసింది. “ఓలమ్మో, ఆరో నెలకే తొమ్మిది నెలల కడుపులాగున్నాది, ఇద్దరూ బాగా ఎదుగుతన్నారే” అంది ఒకావిడ. “అమ్మోరు దయ” అంది ఇంకొకావిడ. నేను సిగ్గుపడ్డాను, గర్వపడ్డాను, పొట్ట ఇంకాస్త ముందుకు పెట్టి నడిచాను కూడా. ఊపిరి ఆడకపోతే ఎండ అనుకున్నాను. జాకెట్టు కుట్లు విప్పి వదులు చేసుకుంటే మర్నాటికే మళ్లీ బిగుసుకుపోయింది. అప్పుడైనా నేను ఆలోచించాలి కదా, బట్ట కుట్టేదాన్ని, మనిషి ఒళ్లు అలా ఒక్కరోజులో పెరగదని నాకంటే ఎవరికి తెలుసు? పెరిగింది పిల్లలు కాదు, నీరు. అందరూ మెచ్చుకున్నది ఆ నీటిని. నేను పొంగిపోయింది ఆ నీటిని చూసుకుని. ఆ నీటి పక్కనే చిన్నది గోడకి అంటుకుని ఎండిపోతూ ఉంది, డప్పులు దానికీ వినిపించే ఉంటాయి.

కారు ఆగింది. ఎందుకాగావు బావా, ఎందుకాగావు అని అరిచాను, అరవడానికి ఊపిరి చాలక మాట సగంలో తేలిపోయింది. “మేకలే. మేకలమంద” అన్నాడు. కిటికీలో నాకు మేకలు కనపడవు, వాసన వస్తోంది, మెడగంటలు వినపడుతున్నాయి, కాసేవాడు “ట్రేయ్ ట్రేయ్” అంటున్నాడు. బావ హారను కొట్టాడు, ఇంకా కొట్టాడు, కొట్టి కొట్టి స్టీరింగు మీద తల ఆనించేశాడు. “బొండపల్లి వచ్చీసింది. ఇంక బేగి ఎల్లిపోతాం” అన్నాడు తల ఎత్తకుండానే. ఎవరికి చెప్తున్నాడో. నాకు ఒక్కసారి డోరు తీసుకుని దిగి ఆ మేకల్ని రెండు చేతుల్తో తోసెయ్యాలనిపించింది. లోకంలో అందరికీ టైము ఉంది, మేకలకి కూడా ఉంది, కుడి పక్కటెముకల కింద ఉన్నదానికి లేదు. కదులు తల్లీ, ఒక్కసారి కదులు, వేలితో గీరినా చాలు, నాకు తెలిస్తే చాలు. చెయ్యి అక్కడ పెట్టుకున్నాను. ఏమీ లేదు. గట్టిగా నొక్కాలని ఉంది, నొక్కితే ఏమవుతుందోనని భయం. నొక్కకుండా ఉంటే అక్కడ ఇప్పుడు ఎవరూ లేరేమోనని అంతకంటే భయం.

కారు కదిలింది. అత్త నోట్లో నోట్లో ఏదో అనుకుంటోంది, పెదాల కదలిక ఆవిడ పొట్ట ద్వారా నా చెవికి తెలుస్తోంది. వచ్చేటప్పుడు మా ఇంటిదగ్గర గుమిగూడిన వాళ్లంతా ఒకే మాట అన్నారు, పాపం ప్రేమగానే అన్నారు, ఒక్కటైనా దక్కితే చాలు. ఒక్కటైనా. ఆ మాట కారులో మాతో పాటు ఎక్కి కూర్చుంది. నేను కళ్లు మూసుకుంటే ఆ మాటే, తెరిస్తే ఆ మాటే. ఒక్కటైనా అంటే ఏది? ఎవరూ చెప్పలేదు, అందరికీ తెలుసు. పెద్దది. నీళ్లు పుష్కలంగా ఉన్నది, తన్నుతున్నది, బరువున్నది. బట్ట చాలకపోతే మేమేం చేస్తాం, రెండు జాకెట్లు రావని తెలిస్తే ఒకటి పూర్తిగా కుట్టేస్తాం, రెండూ కుట్టబోతే రెండూ పాడవుతాయి. ఛీ, నేనేం ఆలోచిస్తున్నాను, పిల్లల్ని పట్టుకుని బట్టముక్కలంటానా? కానీ ఆలోచన ఆగదు, దానికి సిగ్గు లేదు. అమ్మోరు తల్లీ, ఇద్దర్నీ అడిగితే అత్యాశ అంటావేమో, నేను అడగను, పెద్దదాన్ని ఉంచు. చిన్నది ఎలాగూ అలిసిపోయింది, ఎలాగూ కదలడం లేదు, దాన్ని నీ ఒడిలోకి తీసుకో, పెద్దదాన్ని మాత్రం నాకు ఉంచు. అలా అనుకున్నాను. నోటితో అనలేదు గానీ అనుకున్నాను, పూర్తిగా, మొక్కు మొక్కినట్టే. నా చెయ్యి ఇంకా చిన్నదాని మీదే ఉంది, తీసెయ్యాలో ఉంచాలో తెలియలేదు.

తర్వాత దారి నాకు సరిగా గుర్తు లేదు. హారన్లు ఎక్కువయ్యాయి, ఇళ్ల పైఅంతస్తులు కిటికీలోకి వచ్చాయి, ఎవరో బావని వన్‌వే అని తిట్టారు. మెట్లు. చక్రాల కుర్చీ. చల్లటి గది. రాజకుమారి గారు వయసులో నాకంటే అంత పెద్దేమీ కాదు, చెప్పులు విప్పేసి వట్టి కాళ్లతో తిరుగుతోంది, అదెందుకో నాకు కాస్త ధైర్యంగా అనిపించింది. అత్తని లోపలికి రానిచ్చింది, బావ గుమ్మంలో నిలబడ్డాడు. చల్లటి జెల్లు పొట్ట మీద పడగానే పెద్దది ఎగిరి తన్నింది. ఆవిడ ముందు పెద్దదాన్ని చూసింది. టకటకటక, మా వీధి చివర పిండిమర బెల్టు చప్పుడులా. చాలాసేపు దాని దగ్గరే ఉంది. చిన్నదాని దగ్గరకి ఎందుకు వెళ్లదు? పోయిందని ముందే తెలిసిపోయిందా, అందుకేనా? తర్వాత చెయ్యి కుడివైపు జరిగింది, నేను అత్త చెయ్యి పట్టుకున్నాను, అత్త గాజులు నా మణికట్టులో గుచ్చుకున్నాయి. నేను కళ్లు మూసుకున్నాను. శబ్దం లేదు. ఫ్యాను తిరుగుతోంది. శబ్దం లేదు. నేనే అడిగాను కదా తీసుకోమని, దారిలోనే అడిగాను, అమ్మవారికి ఇంత తొందర ఉంటుందా?

టక, టక, టక.

నిదానంగా, తేటగా.

“ఇదిగోనమ్మా, రెండూ కొట్టుకుంటున్నాయి” అంది రాజకుమారి గారు. అత్త “తల్లీ” అని కూలబడినట్టు కుర్చీలో కూర్చుండిపోయింది. నేను ఏడ్చానో నవ్వానో తెలియదు, చెవుల్లోకి నీళ్లు కారాయి. కానీ ఆవిడ మొహం ఇంకా తేలికపడలేదు. స్క్రీను వైపే చూస్తూ, చిన్నదానికి రక్తం తగ్గింది, నీరు లేదు, నిజమే, గుండె మాత్రం గట్టిగానే ఉందమ్మా, ఇప్పుడు నాకు ఎక్కువ భయం పెద్దదాని గురించే అంది. మాకు అర్థం కాలేదు. అత్త అడిగింది, “నీళ్లు లేనిది సిన్నదానికి కదమ్మా?” ఆవిడ విసుక్కోకుండా చెప్పింది. ఇస్తున్నదానికి ఒంట్లో లేకుండా పోతోంది. పుచ్చుకుంటున్నదానికి అంత రక్తం తోడి తోడి గుండె వాచిపోయింది, మోయలేకపోతోంది, చుట్టూ నీరు చేరుతోంది. అంత గట్టిగా తన్నుతోంది కదా అన్నాను. తన్నుతుంది, తన్నడానికీ గుండెకీ సంబంధం లేదు అంది.

అత్త చేతులు జోడించింది. “ఒక్కటైనా దక్కేలాగ సూడమ్మా. ఏదైతే అదే.” రాజకుమారి గారు జెల్లు తుడుస్తూ ఆగి, “అలా కుదరదమ్మా” అంది. ఇద్దరి రక్తనాళాలూ మాయ మీద కలిసి ఉన్నాయి, ఇలాగే వదిలేస్తే, ఉన్నట్టుండి ఒకదాని గుండె ఆగిపోతే రెండోదాని రక్తం అటు జారిపోతుంది, దానికీ ముప్పే. అందుకే ఆ కలిసిన నాళాల్ని లేజరుతో మూసెయ్యాలి, సన్నటి గొట్టం లోపలికి పంపి చేస్తారు, విశాఖలో నాకు తెలిసిన డాక్టరు గారు ఉన్నారు, మాట్లాడేశాను, ఇంటికి వెళ్లకండి, ఇటునించి ఇటే వెళ్లిపోండి. చేశాక ఇద్దరూ దక్కొచ్చు, ఒకరే దక్కొచ్చు, ఇద్దరూ దక్కకపోవచ్చు కూడా, అబద్ధం చెప్పను. చెయ్యకపోతే మాత్రం ఇద్దరూ దక్కడం చాలా కష్టం. బావ గుమ్మంలోనించే, “ఇప్పుడే బయల్దేరిపోతాం” అన్నాడు. ఆయన కాళ్లు అప్పటికే మెట్ల వైపు తిరిగి ఉన్నాయి.

మళ్లీ కారు, మళ్లీ ఎడమవైపు, మళ్లీ అత్త ఒడి, కిటికీలో సగం ఆకాశం. పెద్దది తన్నుతోంది. పొద్దుట్నుంచి ఆ తన్నుని పట్టుకునే బతికాను, ఇప్పుడు ప్రతి తన్నుకీ దాని గుండె చిరుగుతోందేమోనని భయం వేస్తోంది. తన్నకు, పడుకో నాన్నా, నీకు బరువు. నేను ఉంచమన్నది నిన్నే, నీకే కష్టం. తీసుకోమన్నదాన్ని చూడు, రక్తం చాలకపోయినా, నీళ్లు లేకపోయినా, గోడకి అంటుకుని నిదానంగా కొట్టుకుంటోంది, టక, టక, టక, తల్లి వదిలేసిందని దానికి తెలియదు. తెలుసా? రక్తం ఒకటే అయినప్పుడు నేను అనుకున్నది దానికి చేరకుండా ఉంటుందా? దాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలి, ఎవరిని అడగాలి, ఊళ్లో పెద్దల్ని అడిగితే మొక్కు మార్చకూడదంటారు. నాకు ఇక మోయడం చేతకాలేదు.

“అత్తా, దార్లో నువ్వు అమ్మోరికి ఏటని మొక్కినావు?”

అత్త చెయ్యి నా జుట్టులో ఆగిపోయింది. లారీ ఒకటి హోరుమని పక్కనించి పోయింది. “పెద్దదాన్ని ఉంచమన్నాను” అంది చివరికి, “సిన్నదాన్ని ఎలగూ...” అని ఆగిపోయి, కొంగు నోట్లో కుక్కుకుంది. ఆవిడ పొట్ట ఎగిరెగిరి పడుతోంది, నా తల కూడా దాంతోపాటే.

“నానూ అదే మొక్కినాను అత్తా. మార్సీయ్. ఇద్దరనీ సెప్పు.”

“మొక్కిన మొక్కు మార్సకూడదే తల్లీ.”

“నాకు తెలుసు. అయినా మార్సీయ్.”

అత్త వంగింది. ఆవిడ కన్నీళ్లు నా చెంప మీద పడ్డాయి, వెచ్చగా. ఎడమ చెయ్యి పెద్దదాని మీద, కుడి చెయ్యి చిన్నదాని మీద పెట్టి, “ఇద్దరూ అమ్మా, ఇద్దరూ, నా నోరు పడిపోను, ఇద్దరూ” అంటూనే ఉంది.

“నాను మొదట్నుంచీ ఇద్దరనే మొక్కినాను” అన్నాడు బావ. రోడ్డు మీదనించి కళ్లు తిప్పలేదు. పొద్దుట్నుంచి మొక్కుల మాట ఎత్తని మనిషి, అదొక్కటే అన్నాడు, అని గేరు మార్చాడు, కారు మొదటిసారిగా వేగం అందుకుంది. నేను వెనకనించి ఆయన మెడ మీద చెమట చూస్తూ పడుకున్నాను. పొద్దుటికంటే నాకు ఎక్కువ భయం వేసింది, ఎందుకంటే ఇప్పుడు వదులుకోవడానికి నా దగ్గర ఎవరూ లేరు.